కమర్షియల్ కన్‌స్ట్రక్షన్ అప్రెంటిస్‌షిప్‌కి మా క్లాసులో పెద్దవాళ్ళని ఎలా రెడీ చేయాలి? (అమెరికా, ఒహాయో)

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం అండి. మేము కొలంబస్ దగ్గర ఉంటాం. ఇక్కడ లైబ్రరీలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు, లెక్కలు చెప్పే చిన్న గ్రూపు ఒకటుంది, నేను అందులో వాలంటీర్‌ని. వచ్చేవాళ్ళలో నేపాలీ వాళ్ళున్నారు, సొమాలీ వాళ్ళున్నారు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళున్నారు, ఫ్యామిలీ గ్రీన్‌కార్డ్ మీద వచ్చిన మన తెలుగువాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు. దాదాపు అందరూ ముప్ఫై దాటినవాళ్ళే. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్టు, వేర్‌హౌస్‌లో పికింగ్, హోటల్లో రూములు క్లీన్ చేయడం, ఇవీ వాళ్ళు చేసే పనులు. మా చిన్నాన్న కొడుకు కూడా అందులో ఒకడు, ఊళ్ళో మోటార్ వైండింగ్ షాపులో పనిచేసేవాడు, చేతిలో మంచి పనుంది, ఇక్కడికొచ్చాక రాత్రంతా కౌంటర్ వెనకాల నిలబడి సిగరెట్ ప్యాకెట్లు అమ్ముతున్నాడు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

మా చుట్టూ డేటా సెంటర్లు, ఆస్పత్రులు, పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులు లేస్తున్నాయి. ఎలక్ట్రీషియన్లు లేరు, పైప్‌ఫిట్టర్లు లేరు అంటున్నారు. మా క్లాసు వాళ్ళు అవే సైట్ల పక్కనుంచి బస్సులో పనికి పోతున్నారు, కానీ ఆ గేటు లోపలికి ఎలా వెళ్ళాలో ఎవరికీ తెలీదు. అప్రెంటిస్‌షిప్ అంటే జీతం ఇస్తూ పని నేర్పిస్తారని, అప్పు చేయక్కర్లేదని విన్నాం. అది వినగానే క్లాసులో చాలామంది మొహాలు వెలిగాయి, అందుకే ఊరికే ఆశ పెట్టి వదిలేయకూడదని అడుగుతున్నాను.

మాకు వారానికి రెండు సాయంత్రాలు దొరుకుతాయి, ఈ చలికాలమంతా ఉంది. ఏం చెప్పాలి వాళ్ళకి? లెక్కలా, ఇంగ్లీషా, సేఫ్టీనా? అప్రెంటిస్‌షిప్‌కి ముందు తయారుచేసే ప్రీ అప్రెంటిస్‌షిప్ అని ప్రోగ్రాములు ఉంటాయంటున్నారు, వాటిల్లో ఏది నిజంగా పనికొస్తుందో ఎలా కనిపెట్టాలి? ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు అయితే పదిహేను వేల డాలర్లు కట్టమంటున్నారు, లోన్ కూడా వాళ్ళే ఇప్పిస్తారట. ఇంకోటి, ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళ వాళ్ళని అసలు తీసుకుంటారా? ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.


వైర్‌మన్_షికాగో:

అన్నా, ముందుగాల ఒక్క మాట, ఆ పదిహేను వేలు ఎవ్వరినీ కట్టనియ్యకు. నేను షికాగోల ఇన్‌సైడ్ వైర్‌మన్, అంటే బిల్డింగుల లోపల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ని, అయిదేండ్ల అప్రెంటిస్‌షిప్ చేసి జర్నీమన్ అయిన, అంటే పూర్తిగ పని నేర్చినోడు. రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్ అంటే 1937 ల వచ్చిన ఫెడరల్ చట్టం కింద నడిచేది, అండ్ల పనికి జీతం ఇయ్యాలె, అనుభవం పెరిగిన కొద్ది జీతం పెంచాలె, ఏడాదికి 144 గంటలు క్లాసు ఉండాలని చెప్తరు. అప్లికేషన్ ఫీజు కొంచెం ఉంటది, పుస్తకాలకు కొంచెం అయితది, అంతే. వేలకు వేలు అడిగినరంటే అది ట్రేడ్ స్కూల్, అప్రెంటిస్‌షిప్ కాదు. ఆ స్కూల్ల చదివినా మళ్ల వచ్చి మా లైన్లనే నిలబడాలె.

వయసు గురించి అడిగినవు. పద్దెనిమిది దాటాలె, హైస్కూల్ డిప్లొమా గానీ దానికి సమానమైన జీఈడీ పరీక్ష గానీ ఉండాలె, పైన లిమిట్ లేదు. నా బ్యాచ్‌ల నలభై దాటినాయన ఒకాయన ఉండె, మా అందరికన్న ముందు సైట్‌కు వచ్చేటోడు. కాకపోతే జాబ్ కోర్, యూత్‌బిల్డ్ అనే ట్రైనింగ్ ప్రోగ్రాములు 16 నుంచి 24 ఏండ్ల వాళ్ళకు, అవి చూసి టైం వేస్ట్ చేసుకోకుండ్రి.

ఎలక్ట్రికల్‌ల యూనియన్ దారి ఎట్లుంటదంటే, ముందు అప్లికేషన్, తర్వాత ఆప్టిట్యూడ్ టెస్ట్, అండ్ల ఆల్జీబ్రా, రీడింగ్ ఉంటయి. స్కోరు 1 నుంచి 9 దాక ఇస్తరు, 4 వస్తే ఇంటర్వ్యూకు పిలుస్తరు. ఇంటర్వ్యూ అయినంక మార్కులను బట్టి లిస్టుల ర్యాంక్ ఇస్తరు, కాంట్రాక్టర్లకు మనుషులు కావల్సి వచ్చినప్పుడు పై నుంచి పిలుస్తరు. ఈ ఎదురుచూపుల్లనే చాలామంది జారిపోతరు. టెస్ట్ పాసైన, ఇగ ఉద్యోగం వచ్చినట్టే అనుకుంటరు, లిస్టుల నెలలకు నెలలు ఉంటే మనసు విరిగి గ్యాస్ స్టేషన్‌కే వాపస్ పోతరు. ఆల్జీబ్రా విషయానికి వస్తే, స్కూల్ల ఒక ఏడాది ఆల్జీబ్రా చదివినట్టు ట్రాన్స్‌క్రిప్ట్ చూపియ్యాలె. మన టెన్త్ మెమో, ఇంటర్ మెమో పనికొస్తయి గని ఇక్కడి ఎవాల్యుయేషన్ చేయించాలె, బయటి దేశాల చదువులు ఎవాల్యుయేట్ చేసే సంస్థల సంఘం నాసెస్, అండ్ల మెంబర్ సంస్థ ఇచ్చిన రిపోర్ట్ అయితే మామూలుగా ఒప్పుకుంటరు. మీ తమ్ముని మెమోలు ఊళ్లెనే ఉంటే ఇయ్యాలనే తెప్పియ్యమను.

ఒక్క ఎలక్ట్రికల్ మీదనే పడొద్దు అన్నా. అందరికీ అదే కావాలె, అందుకే అక్కడ లైన్ పెద్దది. పైప్‌ఫిట్టర్లు అయిదేండ్లు, షీట్ మెటల్ (గాలి పోయే డక్ట్‌ల రేకుపని) నాలుగైదు, కార్పెంటర్లు నాలుగు, ఐరన్‌వర్కర్లు మూడు నాలుగు, లేబరర్స్ యూనియన్ల అప్రెంటిస్‌షిప్ 4000 గంటలు, అంటే రెండేండ్లంత. కమర్షియల్ కార్పెంటర్ అంటే చాలామంది చెక్కపని అనుకుంటరు, మా సైట్లల్ల వాళ్ళు గోడ లోపల నిలువుగ ఉండే మెటల్ స్టడ్‌లు పెట్టి, వాటి మీద డ్రైవాల్ బోర్డులు కొట్టి, సీలింగ్ గ్రిడ్ కడ్తరు, కాంక్రీట్ పోసే అచ్చులు, అంటే ఫారాలు కడ్తరు. క్లాసు వాళ్ళకు ఇవన్నీ వీడియోలల్ల చూపియ్యి. ఎవరికి ఎత్తు అంటే భయమో, ఎవరికి ఇరుకు జాగ అంటే ఊపిరాడదో వాళ్ళకే తెలుస్తది. ఐరన్‌వర్కర్ల పని ఎత్తుల మీద అని సైట్‌కు పోయినంక తెలిస్తే ఏం ఫాయిదా?

ప్రీ అప్రెంటిస్‌షిప్ మంచిదా కాదా అనేదానికి నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. మీ దగ్గర పాసైనోళ్ళు ఏ యూనియన్‌ల, ఏ కాంట్రాక్టర్ దగ్గర చేరిన్రు, పోయినేడు ఎంతమంది? జవాబు పేర్లతోని, నంబర్లతోని రావాలె. రాకుంటే ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించుకునుడే. బిల్డింగ్ ట్రేడ్స్ యూనియన్లు కలిసి తయారు చేసిన మల్టీ క్రాఫ్ట్ కోర్ కరికులం అని ఒకటుంది, ఎంసీ3 అంటరు, తక్కువల తక్కువ 120 గంటలు. టూల్స్, లెక్కలు, బ్లూప్రింట్ చదువుడు, సేఫ్టీ, ఫస్ట్ ఎయిడ్, యూనియన్ల చరిత్ర, జీతం డబ్బులు ఎట్ల వాడుకోవాలె, అన్నీ ఉంటయి. మామూలుగా పైసలు తీసుకోరు. కొన్నిచోట్ల ఇది పాసైతే లిస్టుల ముందుకు జరుపుతరు, లేకుంటే సీదా ఇంటర్వ్యూకు పంపుతరు. ఆ ఒప్పందం కాగితం మీద ఉన్నదా లేదా అని అడుగు, మొహమాటపడకు.


అడుగులో_అడుగు:

నేను న్యూజెర్సీలో వర్క్‌ఫోర్స్ ఏజెన్సీలో, అంటే ఉద్యోగాలకి, ట్రైనింగ్‌కి సాయం చేసే ఆఫీసులో కేస్ మేనేజర్‌ని అండి. పైన చెప్పినవాటిలో ఒక్కటి కూడా కాదనను, కానీ నేను చూసినంతలో మనుషులు ఆగిపోయేది లెక్కల దగ్గర తక్కువ, పొద్దున్న అయిదింటి దగ్గర ఎక్కువ. సైట్‌లో పని ఆరింటికో ఏడింటికో మొదలవుతుంది, ఆ టైంకి బస్సు ఉండదు, ఉన్నా ఆ సైట్ వైపు పోదు, పిల్లల్ని చూసుకునే డేకేర్ తలుపులు అప్పటికి తెరవరు. అప్రెంటిస్‌కి ఆలస్యం అనే మాట ఉండదు, మొదటి నెలల్లో రెండుమూడుసార్లు లేటయితే చాలు ఆ మనిషి మీద ముద్ర పడిపోతుంది, ఎంత బాగా పనిచేసినా సరే. అందుకే మా దగ్గరికి ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది మీకు లైసెన్స్ ఉందా, బండి ఉందా, అది చలికాలంలో స్టార్ట్ అవుతుందా, పిల్లలకి జ్వరం వస్తే ఎవరు ఉంటారు అని. ఇవి అడిగితే కొంతమందికి కోపం వస్తుంది, పని గురించి అడగడానికొస్తే ఇంటి విషయాలెందుకు అంటారు. అయినా అడుగుతాను. దారి దొరికేవరకూ వాళ్ళతో కూర్చుంటాను కూడా.

తర్వాతది డబ్బు. ఇది క్లాసులో బోర్డు మీద వేసి చూపించండి, దయచేసి. అప్రెంటిస్‌కి మొదట్లో జర్నీమన్ రేటులో 40 నుంచి 50 శాతం దాకా ఇవ్వడం మామూలు. మాటవరసకి జర్నీమన్ గంటకి 40 డాలర్లు అనుకుంటే 45 శాతం అంటే 18. మీ వేర్‌హౌస్ వాళ్ళకి ఇప్పటికే అంతకన్నా ఎక్కువ వస్తూ ఉండొచ్చు! అంటే మొదటి ఏడాది చేతికొచ్చేది తగ్గుతుంది. ఇది ముందే తెలిసి, భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, అద్దె ఎలా కడతామో రాసుకుని చేరినవాళ్ళు నిలబడతారు. తెలీకుండా చేరినవాళ్ళు మొదటి జీతం చూసి ఇంట్లో గొడవపడి మానేస్తారు, అది నా కళ్ళతో చాలా చూశాను. పైగా హెల్త్ ఇన్సూరెన్స్ మొదటి రోజు నుంచే రాదు, కొన్ని గంటలు పనిచేశాక మొదలవుతుంది. ఫుడ్ స్టాంపులు తీసుకునే ఇల్లయితే ఆదాయం పెరిగినప్పుడు అవి తగ్గుతాయి లేదా ఆగిపోతాయి. ఫుడ్ స్టాంపులకి గ్రాస్ ఆదాయం, అంటే కోతలకి ముందు ఆదాయం, లిమిట్ చాలామందికి పేదరిక రేఖలో 130 శాతం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ ఆరోగ్య బీమాకి అయితే, దాన్ని విస్తరించిన రాష్ట్రాల్లో పెద్దవాళ్ళకి 138 శాతం, ఒహాయో కూడా అందులోనే ఉంది. ఏ నెలలో ఏది ఆగుతుందో ముందే లెక్క చూసుకోవాలి, ఆగాక పరిగెడితే లాభం లేదు.

సాయం ఉంది, అడగాలంతే. 2014 లో వచ్చిన వయోవా అనే ఉద్యోగ శిక్షణ చట్టం కింద తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వాలి. బూట్లు, టూల్స్, టెస్ట్ ఫీజు, బస్సు పాస్ లేదా పెట్రోల్, కొన్నిచోట్ల చైల్డ్ కేర్ కూడా ఆ డబ్బుతో ఇప్పించొచ్చు. మీ ఒహాయోలో అయితే ప్రతి కౌంటీకి ఒహాయోమీన్స్‌జాబ్స్ సెంటర్ ఉంటుంది, అక్కడికి వెళ్ళి అడగండి. జీఈడీకి, ఇంగ్లీషుకి యాస్పైర్ క్లాసులు ఉన్నాయి, ఫ్రీ. మీరు ఒక్కరే అన్నీ మోయకండి, మనిషిని తీసుకెళ్ళి ఆ సెంటర్‌లో కేస్ మేనేజర్ ముందు కూర్చోబెట్టేంత వరకూ చేస్తే అదే చాలా పెద్ద పని. ఫోన్ నంబర్ రాసిచ్చి పంపితే సగం మంది వెళ్ళరు, భయం, ఇంగ్లీషు, మొహమాటం. కూడా వెళ్ళండి.

ఇంకోటి చెప్పాలి, వినడానికి ఇబ్బందిగా ఉన్నా. డ్రగ్ టెస్ట్. ఒహాయోలో గంజాయి 2023 లో లీగల్ అయింది కాబట్టి ఏం పర్లేదు అనుకునే కుర్రాళ్ళు ఉన్నారు, కాంట్రాక్టర్ టెస్ట్‌లో పాజిటివ్ వస్తే రాష్ట్రంలో లీగలా కాదా అని ఎవరూ చూడరు. ముందే చెప్పండి.


గోదారిగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు అండి. జీతం తగ్గుతుందన్న విషయం మాకు ఎవరికీ తెలీదు, ఈ వారమే బోర్డు మీద వేస్తాను. మా తమ్ముడి మెమోలకి పిన్నికి ఫోన్ చేశాను.

రెండు చిన్న ప్రశ్నలు. లెక్కలు ఎక్కడి నుంచి మొదలెట్టాలి? మా వాళ్ళలో కొందరు ఇంటర్ చదివినవాళ్ళు, కొందరు అయిదో తరగతి దాటనివాళ్ళు. రెండోది, ఒక ఆవిడ ఉంది, ఇద్దరు పిల్లలు, హోటల్లో పని, మొన్న షీట్ మెటల్ వీడియో చూసి నేను ఇది చేస్తాను అంది, క్లాసులో ఇద్దరు మగవాళ్ళు నవ్వారు. నాకు చాలా బాధేసింది, ఆవిడకి ఏం చెప్పాలో తోచలేదు.


లెక్కల_మాస్టారు:

నేను ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఇప్పుడు ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో పెద్దవాళ్ళకి చెప్తున్నాను. మొదలెట్టాల్సింది టేప్ దగ్గర బాబూ. పుస్తకం తర్వాత. మనం మీటర్లు, సెంటీమీటర్లలో పెరిగాం, దశాంశాలు మన చేతికి అలవాటు, ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైనవాడు కూడా అంగుళాల టేప్ మీద 5/8 ఎక్కడుందో చూపించమంటే తడబడతాడు. అయిదో తరగతి చదివినవాడు, ఇంటర్ చదివినవాడు అక్కడ ఇంచుమించు సమానం, అందుకే అక్కడ మొదలెడితే క్లాసులో ఎవరికీ చిన్నతనం అనిపించదు.

అందరికీ తలా ఒక టేప్ ఇవ్వండి. టేబుల్ కొలవమనండి, కిటికీ కొలవమనండి, పదహారో వంతు దాకా చెప్పమనండి. తర్వాత కూడికలు. 5/8 కి 3/16 కలిపితే ఎంత? 5/8 అంటే 10/16, కాబట్టి 13/16, అది టేప్ మీద వేలు పెట్టి చూపించాలి. భిన్నాలు ఎందుకు ఒకే హారానికి మార్చాలో చిన్నప్పుడు బట్టీ పట్టినవాళ్ళకి కూడా టేప్ మీద చూసినప్పుడే తలకెక్కుతుంది. ఆ తర్వాత సైట్ లెక్కలు ఇవ్వండి. గోడ పొడవు 14 అడుగుల 8 అంగుళాలు, 16 అంగుళాలకొకటి చొప్పున స్టడ్‌లు పెట్టాలి, ఎన్ని కావాలి? 176 అంగుళాలు, 16 తో భాగిస్తే 11 వచ్చింది, అందరూ 11 అంటారు. కాగితం మీద గీయమనండి. సందులు 11, స్టడ్‌లు 12. ఇలాంటి లెక్క ఒక్కటి గీసి చేస్తే ఇరవై ఎక్కాలు వల్లించినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది.

ఎలక్ట్రికల్ వైపు వెళ్ళేవాళ్ళకి కండ్యూట్, అంటే వైర్లు పోయే పైపు వంచడంతో త్రికోణమితి చెప్పొచ్చు. పైపుని 30 డిగ్రీల్లో రెండు చోట్ల వంచి 6 అంగుళాలు పక్కకి జరపాలంటే, రెండు వంపుల మధ్య దూరం 12 అంగుళాలు, ఎందుకంటే సైన్ 30 అంటే సగం, కాబట్టి రెండుతో గుణించాలి. 45 డిగ్రీలైతే 1.4 తో. మూల మట్టంగా ఉందో లేదో 3-4-5 తో చూడటం, అది పైథాగరస్ సిద్ధాంతమే కదా, మన మేస్త్రీలు కూడా తాడుతో చేసేది అదే. ఇవన్నీ చేశాక x, y ల ఆల్జీబ్రాకి వెళ్ళండి, అప్పుడు వాళ్ళకి అది ఎందుకో అర్థమవుతుంది. ఆప్టిట్యూడ్ టెస్ట్‌కి మాత్రం టైం పెట్టి ప్రాక్టీసు చేయించాలి. వచ్చిన లెక్కని కూడా గడియారం చూసి తప్పు చేస్తారు పెద్దవాళ్ళు, ఎందుకంటే పరీక్ష రాసి ఇరవై ఏళ్ళయ్యుంటుంది.

ఇంగ్లీషు కూడా అక్కడి నుంచే రావాలి. వ్యాసాలు వద్దు. ఫోర్‌మన్ ఒక పని చెప్తే దాన్ని తిరిగి ఆయనకే చెప్పడం నేర్పండి, అంటే మీరు నాలుగో అంతస్తులో తూర్పు గోడకి 18 అంగుళాల ఎత్తులో బాక్సులు పెట్టమన్నారు, అంతేనా, అని. అర్థం కానప్పుడు తలూపడం మనవాళ్ళకి మర్యాద, సైట్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అనే వాక్యాన్ని గట్టిగా, సిగ్గుపడకుండా అనడం పదేపదే ప్రాక్టీసు చేయించండి.


రేకుపని_అక్క:

ఆ నవ్విన ఇద్దరి సంగతి పక్కన పెట్టండి, ఆ చెల్లికి నా మాట చెప్పండి ముందు. నేను షీట్ మెటల్‌లో రెండో ఏడాది అప్రెంటిస్‌ని, మాది గుంటూరు వైపు, నాకూ ఇద్దరు పిల్లలు. కన్‌స్ట్రక్షన్ చేతిపనుల్లో ఆడవాళ్ళు నూటికి నలుగురి చొప్పునే ఉన్నారు, కాబట్టి చాలా సైట్లలో ఆవిడ ఒక్కతే ఉంటుంది, అది దాచిపెట్టి పంపకండి. కానీ డక్ట్‌కి కొలత తప్పకుండా పని చేసేవాళ్ళు కావాలి, అది చేసి చూపిస్తే మాటలు తగ్గుతాయి. నాకు అలాగే తగ్గాయి. అన్నీ కాదు, చాలా.

బలం గురించి భయపడితే ఇప్పటి నుంచే మొదలెట్టమనండి, మెట్లు ఎక్కడం, బరువులు మోయడం, నిచ్చెన భుజాన వేసుకుని నడవడం. హోటల్లో పరుపులు ఎత్తి దుప్పట్లు మార్చే ఆవిడకి నడుము బలం ఇప్పటికే ఉంటుంది, నా మాట నమ్మండి, నేనూ అక్కడి నుంచే వచ్చాను. పైనుంచి పడకుండా కట్టుకునే హార్నెస్, గ్లౌజులు, సేఫ్టీ వెస్ట్ పెద్దవి ఇచ్చి వేసుకో అంటే ఊరుకోవద్దు. సైజు సరిపోయే సేఫ్టీ సామాను ఇవ్వాలని కన్‌స్ట్రక్షన్‌కి కూడా పనిచోట భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఓషా రూల్ 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వదులు గ్లౌజు వేసుకుని రేకు కట్ చేస్తే వేళ్ళు పోతాయి, ఇది అందం కోసం అడిగేది కాదు.

ఆడవాళ్ళ కోసమే నడిచే ప్రీ అప్రెంటిస్‌షిప్‌లు కొన్ని సిటీల్లో ఉన్నాయి, షికాగోలో షికాగో ఉమెన్ ఇన్ ట్రేడ్స్, న్యూయార్క్‌లో నాన్‌ట్రెడిషనల్ ఎంప్లాయ్‌మెంట్ ఫర్ ఉమెన్. మీ ఊళ్ళో లేకపోయినా వాళ్ళకి మెయిల్ పెడితే దగ్గర్లో ఎవరున్నారో చెప్తారు. నాకు అసలు ధైర్యం వచ్చింది ఒక సీనియర్ అక్క నంబర్ దొరికాక. బాత్రూం ఎంత దూరంలో ఉంది, నెలసరి రోజుల్లో ఏం చేయాలి, ఫోర్‌మన్ తేడాగా మాట్లాడితే ఎవరికి చెప్పాలి, ఇవి క్లాసులో మగవాళ్ళ ముందు అడగలేం కదా. ఆ చెల్లికి కావాలంటే నాకు ఇక్కడ మెసేజ్ పెట్టమనండి, సాయంత్రం పిల్లలు పడుకున్నాక మాట్లాడతాను.


సైట్_ఆఫీసు:

నేను ఒక జనరల్ కాంట్రాక్టర్ దగ్గర ప్రాజెక్ట్ ఇంజనీర్‌ని, టెక్సస్. యూనియన్ ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుతున్నారు, దానితో నేను ఏకీభవించను. దేశంలో చాలాచోట్ల కమర్షియల్ పని యూనియన్ లేని కాంట్రాక్టర్లే చేస్తారు, వాళ్ళకీ రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. ఐఈసీ, ఏబీసీ అని అలాంటి కాంట్రాక్టర్ల సంఘాలు ఉన్నాయి. ఐఈసీ వాళ్ళ ఎలక్ట్రికల్ ప్రోగ్రాం నాలుగేళ్ళు, ఏబీసీ చాప్టర్లు చాలా ట్రేడ్లలో నడుపుతాయి, అక్కడ ఎన్‌సీసీఈఆర్ కోర్ అనే కన్‌స్ట్రక్షన్ బేసిక్స్ పుస్తకం వాడతారు. అక్కడ పని ఇచ్చే కాంట్రాక్టర్ దొరికితే నెలల తరబడి లిస్టులో ఎదురుచూడకుండా మొదలెట్టొచ్చు. ఇంటద్దె కట్టాల్సినవాడికి అది చాలా పెద్ద విషయం. వైర్‌మన్ గారు అడిగిన ప్రశ్నే వీళ్ళనీ అడగండి, పోయినేడు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు అని. అప్రెంటిస్‌షిప్ డాట్ గవ్‌లో మీ జిప్ కోడ్ కొట్టి వెతికితే రెండు రకాలూ కనిపిస్తాయి.

ఓషా 10 గంటల సేఫ్టీ ట్రైనింగ్ కార్డు గురించి ఒక జాగ్రత్త. ఓషా ఆథరైజ్ చేసిన ట్రైనర్ దగ్గరే చేయాలి, రోజుకి ఏడున్నర గంటలకి మించి చెప్పకూడదు కాబట్టి కనీసం రెండు రోజులు పడుతుంది. రెండు గంటల్లో కార్డు ఇస్తామనేవాళ్ళని నమ్మొద్దు. కార్డు ఉంటే సైట్‌లోకి రానిస్తారు, అంతవరకే. పైనుంచి పడటం, మీద ఏదైనా పడటం, మధ్యలో ఇరుక్కోవడం, కరెంటు షాక్, సైట్లో ఎక్కువమంది చనిపోయేది ఈ నాలుగింటి వల్లే, అందుకే ఆ రెండు రోజులు నిద్రపోకుండా వినమనండి.

లేఆఫ్ గురించి ఎవరూ చెప్పలేదు. బిల్డింగ్ పూర్తయితే పని పూర్తయినట్టే, ఇంకో సైట్‌కి పిలుపు వచ్చేదాకా ఇంట్లో ఉండాలి. మనవాళ్ళు ఉద్యోగం పోవడం అంటే అవమానంగా తీసుకుంటారు, ఇక్కడ అది పనిలో భాగం. అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి ఎలా అప్లై చేయాలో కూడా క్లాసులోనే నేర్పండి.


వైర్‌మన్_షికాగో:

సైట్ ఆఫీసు అన్న చెప్పిన దాంట్ల నిజం ఉన్నది, నాన్ యూనియన్ దారి మూసేయొద్దు. నా భయం ఒక్కటే, రిజిస్టర్ కాని చోట హెల్పర్ అని పేరు పెట్టి ఏండ్లకేండ్లు పైపులే మోయిస్తరు, గంటలు ఎక్కడా రాసిపెట్టరు, ఆఖరుకు లైసెన్స్ పరీక్షకు పోతే చూపియ్యటానికి కాగితం ఉండదు. అందుకని ఏ దారిల పోయినా చేసిన గంటలు, ఏ పని, ఏ సైట్, ఎవరి కింద, అన్నీ ఒక నోట్‌బుక్కుల రాసుకోమను.

ఇంటర్వ్యూ గురించి చెప్పుడు మర్చిపోవద్దు, మీ క్లాసుల అది తప్పక చేయించు అన్నా. మన వాళ్ళు నేను ఏమైనా చేస్త సార్, ఏ పనైనా సరే అంటరు. అది వినయం అనుకుంటరు, ప్యానెల్‌కు మాత్రం ఈయనకు మా ట్రేడ్ గురించి తెల్వదు అనిపిస్తది. ఎందుకు ఈ ట్రేడ్ అని అడిగితే మీ తమ్ముడు మోటార్ వైండింగ్ గురించే చెప్పాలె, ఎన్ని హెచ్‌పీ మోటార్లు, కాలిపోయిన కాయిల్ ఎట్ల గుర్తుపడతడు, చుట్లు ఎట్ల లెక్కపెడతడు, కనెక్షన్ ఎట్ల ఇచ్చేది. గ్యాస్ స్టేషన్ల ఒంటరిగ రాత్రంతా ఉండి పొద్దున క్యాష్ లెక్క తప్పకుండా అప్పజెప్పిండంటే అది కూడా చెప్పాలె, టైంకు వచ్చుడు, నమ్మకం, ప్యానెల్‌ల వాళ్ళు చూసేది అదే. హోటల్ పని చేసే అక్క కూడా అట్లనే.


గోదారిగట్టు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇలా అనుకుంటున్నాం. ఈ వారం జీతం లెక్క, ఇంట్లో మాట్లాడుకుని రమ్మని చెప్పడం. వచ్చే వారం నుంచి టేపులు, ఒక కుటుంబం వాళ్ళు పది టేపులు కొనిస్తామన్నారు. లైసెన్స్ లేనివాళ్ళ పేర్లు రాసుకున్నాను, మాలో ఇద్దరు శనివారాలు డ్రైవింగ్ నేర్పుతామన్నారు. ఒహాయోమీన్స్‌జాబ్స్ సెంటర్‌కి నలుగురిని తీసుకుని నేనే వెళ్తున్నాను. షీట్ మెటల్ అంటున్న ఆవిడకి అక్క మెసేజ్ చూపించాను, ఫోన్‌లో తెలుగు చదవడం రాదు ఆవిడకి, ఆవిడ నేపాలీ, నేను చదివి ఇంగ్లీషులో చెప్పాను, రెండుసార్లు చెప్పమంది. అక్కా, మీకు ఇంగ్లీషులో మెసేజ్ పెడుతుంది, పర్లేదా?


రేకుపని_అక్క:

పర్లేదు, పెట్టమనండి. తొమ్మిదిన్నర తర్వాత అయితే వెంటనే జవాబిస్తాను.